పోకర్ గురించి అడిగావుగా

బుజ్జీ,

శనివారం రాత్రుళ్లు మీ ఫ్లాట్‌లో పోకర్ మొదలైందనీ, తలా పది డాలర్లు వేసుకుని ఆడుతున్నారనీ చెప్పావు. చెప్పి రెండు ప్రశ్నలు వేశావు. మన మూడు ముక్కలాటకీ దీనికీ చుట్టరికం ఉందా అని ఒకటి, స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు) కంటే ఫ్లష్ (ఐదూ ఒకే రంగు, అన్నీ ఇస్పేటో ఆఠీనో) ఎందుకు పెద్దది అని రెండోది. ఫోన్‌లో చెప్పబోతే మధ్యలో మీ నాన్న దూరి సొంత కథలు కలుపుతారు. అందుకే రాస్తున్నాను. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే దాన్ని కాబట్టి మధ్యలో కాసిని అంకెలు వస్తాయి. భరించు.

ఆడొద్దని రాస్తున్నాననుకోకు. మా పుట్టింట్లో శివరాత్రి జాగారమంటే పేకాటే. మీ తాతయ్య హాల్లో చాపలు పరిపించి తెల్లారేదాకా రమ్మీ ఆడించేవారు. మూడు ముక్కలాట మాత్రం గడప తొక్కనిచ్చేవారు కాదు. "అందులో ఆడేది ముక్కలతో కాదే, డబ్బుతో" అనేవారు. ఆయన తిట్టుగా అన్నమాట అది. పోకర్ సంగతులు చదివినకొద్దీ ఆ మాట దీనికి ఇంకా బాగా అతుకుతుందనిపించింది నాకు, కానీ తిట్టుగా కాదు. ముక్కలు అందరికీ వస్తాయి. పందెం ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు చేతులెత్తేయాలి అన్నదే ఈ ఆట. రెండు వందల ఏళ్లుగా దీన్ని మారుస్తూ వచ్చినవాళ్లంతా మార్చింది కూడా ఆ ఒక్కదాన్నే.

పుట్టింది నీ పక్క ఊళ్లోనే. బాటన్ రూజ్ నుంచి మిసిసిపీ దిగువకి గంటన్నర లోపు ప్రయాణం కదూ న్యూ ఆర్లీన్స్? 1803లో అమెరికా ఆ ఊరితో సహా లూసియానా ప్రాంతం మొత్తాన్ని ఫ్రాన్స్ దగ్గర కోటిన్నర డాలర్లకి కొనేసింది. జెండా మారింది గానీ మనుషులూ అలవాట్లూ ఫ్రెంచివే. ఫ్రెంచివాళ్లకి పోక్ అనే పేకాట ఒకటి ఉంది. జర్మనీలో పదిహేనో శతాబ్దం నుంచీ ఉన్న పోహ్ అనే ఆటకి అది తోబుట్టువు. ఆ ఆటలో మూడు అంచెలు. నడిమి అంచెలో జతలు, ఒకే రకం ముక్కలు మూడో నాలుగో ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు పందెం పెంచుకుంటారు. ఉమ్మడి కుటుంబంలోంచి వేరుపడిన కొడుకులా ఆ నడిమి అంచె బయటికొచ్చి పోకర్ అయిందని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంటారు.

ఇంకోవైపు ఇంగ్లీషువాళ్లకి బ్రాగ్ ఉంది. మూడు ముక్కలు పంచుకుని, చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు బుకాయించే ఆట. ముక్కలు చూడకుండా బ్లైండ్ ఆడేవాడు సగం పెడితే చాలన్న నియమం కూడా అందులో ఉంది. ఎక్కడో విన్నట్టుంది కదా! ఆ బ్రాగ్ ఇంగ్లీషువాళ్లతో మన దేశం వచ్చి మన మూడు ముక్కలాటైంది. అమెరికాలో పోకర్ మీదా దాని నీడ పడింది. కాబట్టి నీ మొదటి ప్రశ్నకి జవాబు: చుట్టరికం ఉంది, పెదనాన్న పిల్లలూ బాబాయి పిల్లల వరస.

పర్షియా నుంచి వచ్చిందని కూడా ఎవరో ఒకరు నీకు చెబుతారు. అక్కడ ఆస్-నాస్ అని సింహం, రాజు, రాణి, సైనికుడు, నర్తకి బొమ్మలతో ఆడే ఆట ఉండేది, ఐదేసి ముక్కలు పంచేవారు. పోలిక గట్టిదే. కానీ ఆ ఆట ఎలా ఆడేవారో వివరంగా చెప్పే రాతలు పోకర్ పుట్టిన చాలా కాలానికి గానీ కనబడవు. దాన్ని న్యూ ఆర్లీన్స్‌కి మోసుకొచ్చినవాడెవడో ఏ కాగితంలోనూ లేడు. పోలిక ఉన్నంత మాత్రాన తండ్రి అయిపోడు కదా. నేనైతే ఒప్పుకోను.

ఊళ్లో పుట్టిన ఆటని దేశం మీదికి తీసుకెళ్లింది మాత్రం స్టీమర్లు. మిసిసిపీ మీద మొదటి స్టీమర్ 1812 జనవరిలో న్యూ ఆర్లీన్స్ చేరింది. ఆ తర్వాత పత్తి అమ్ముకున్న ఆసాములు, భూముల వ్యాపారులు, లాయర్లు అందరూ రోజుల తరబడి అదే పడవలో. జేబుల్లో డబ్బు, చేతిలో పని లేదు. పేకాటగాళ్లకి అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? పోకర్ గురించి మనకున్న తొలి వర్ణనల్లో ఒకటి ఆ పడవల్లోదే. జో కోవెల్ అనే ఇంగ్లండు నటుడు 1829 డిసెంబర్‌లో లూయీవిల్ నుంచి న్యూ ఆర్లీన్స్ వెళ్తూ చూసిన ఆటని 1844లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాశాడు. దట్టమైన మంచు, దారి తెలియక గంట కొట్టుకుంటూ పోతున్న పడవ. నలుగురు ఆడుతున్నారు. పంచేవాడు ఆకుపచ్చ కళ్లద్దాలాయన. హఠాత్తుగా పడవ దేనికో గుద్దుకుంది. అందరూ లేచి పరుగులు. ఆ గొడవలో కళ్లద్దాలాయన మాత్రం తన పనిలోనే ఉన్నాడు, ముక్కలు తనకి కావలసినట్టు పేర్చుకుంటున్నాడు. అందరూ తిరిగొచ్చి కూర్చున్నారు, పందేలు పెరిగాయి. తీరా విప్పితే అన్నిటికంటే పెద్ద చెయ్యి, అంటే అందరికంటే మంచి ముక్కలు, ఒక కుర్ర లాయరు దగ్గర తేలింది! కంగారులో పంపకం తారుమారైంది. మోసగాడు మోసపోయిన ఈ ముక్క చదివి మీ నాన్న నవ్విన నవ్వు పక్కింటికి వినబడింది.

మోసం అంత మామూలు. జొనాథన్ గ్రీన్ అనే మాజీ జూదగాడు జూదం మానేసి, ఊరూరా దానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిస్తూ 1843లో ఈ ఆట గురించి రాస్తే దాన్ని మోసం ఆట అనే పిలిచాడు. అంతకు ముందే, 1835 జులైలో, మిసిసిపీ ఒడ్డున విక్స్‌బర్గ్ ఊరి జనం ఐదుగురు జూదగాళ్లని పట్టుకుని విచారణ లేకుండా ఉరేశారు. పడవ జూదగాళ్లంటే సిల్కు చొక్కాలు, వజ్రపు పిన్నులు అని టూరిస్టులకి చెబుతారు. ఈ సంగతి చెప్పరు.

ఇప్పుడు అంకెలు. కోవెల్ చూసిన ఆటలో కట్టకి ఇరవై ముక్కలే: ఆసు, రాజు, రాణి, జాకీ, పది, నాలుగు రంగుల్లో. నలుగురికి ఐదేసి పంచితే కట్ట ఖాళీ. మార్చుకోవడాల్లేవు, ఒక్క విడత పందెం, అంతే. ఇరవైలోంచి ఐదు ముక్కలు 15,504 రకాలుగా రావచ్చు. అందులో కనీసం ఒక్క జత కూడా లేనివి 1,024. అంటే పదహారు చేతుల్లో సుమారు పదిహేనింటిలో ఏదో ఒక జత ఉండనే ఉంటుంది. అందరి దగ్గరా ఏదో ఒకటి ఉంటే బుకాయింపుకి చోటెక్కడ? ఇంకో విశేషం చూడు. జత లేని చేతిలో ఐదు రకాలూ ఉండి తీరాలి, అంటే అది పది నుంచి ఆసు దాకా వరస. ఆ కట్టలో స్ట్రెయిట్ అంటే ఏమీ లేనిదని అర్థం!

1830ల్లో, 40ల్లో మెల్లగా 52 ముక్కల కట్ట వచ్చింది. ఎక్కువమంది కూర్చోవచ్చని వచ్చింది గానీ దాంతో ఆట స్వభావమే మారిపోయింది. 52లోంచి ఐదు ముక్కలు 25,98,960 రకాలు. ఇందులో జత లేనివి సగానికి కాస్త పైనే. ముక్కలు అందుకున్నవాళ్లలో సగంమంది చేతిలో ఏమీ ఉండదు, కానీ ఎవరికి ఏమీ లేదో ఎవరికీ తెలియదు. నా దృష్టిలో ఇప్పుడు మనం పోకర్ అనుకునేది పుట్టింది అప్పుడే, 1829లో కాదు.

ఏమీ లేని చేతులు ఎక్కువైతే ఆడేవాళ్లు విసుగెత్తి ముక్కలు పారేస్తారు. అందుకని అక్కర్లేనివి వదిలి కొత్తవి తీసుకునే పద్ధతి వచ్చింది, అదే డ్రా. తీసుకునే ముందు ఒక పందెం, తీసుకున్నాక ఇంకొకటి. ఒక విడత రెండైంది. ఎదుటివాడు ఎన్ని ముక్కలు మార్చాడో చూసి అతని చేతిలో ఏముందో ఊహించొచ్చు. ఒక్కటే మార్చుకున్నాడంటే రెండు జతలున్నాయా, ఫ్లష్‌కి ఒక్క ముక్క తక్కువైందా? అంతర్యుద్ధం రోజుల్లో, అంటే 1861 నుంచి 65 మధ్య, సిపాయిల శిబిరాల్లో స్టడ్ వ్యాపించింది. ఒక ముక్క బోర్లా, తక్కినవి ఒక్కొక్కటే అందరికీ కనబడేలా. ఇందులో నాలుగు విడతల పందెం. చూశావా, కొత్త రకం వచ్చినప్పుడల్లా డబ్బు మాట్లాడే అవకాశం ఇంకాస్త పెరుగుతూ వచ్చింది.

నీ రెండో ప్రశ్న ఇక్కడికే వస్తుంది. కట్ట పెద్దదయ్యాక మొదట ఫ్లష్‌ని లెక్కలోకి తీసుకున్నారు. స్ట్రెయిట్ తర్వాత వచ్చింది, దాన్ని ఒప్పుకోవాలా వద్దా అని చాలా ఏళ్లు తగువులు నడిచాయి. 52 ముక్కల్లో స్ట్రెయిట్‌లు 10,200, ఫ్లష్‌లు 5,108. అరుదైనది పెద్దది, అంతకంటే ఏమీ లేదు. స్ట్రెయిట్ ఫ్లష్, అంటే వరసా ఒకే రంగూ రెండూ ఉన్న చెయ్యి, కావాలనడానికి మాత్రం ఆ కాలంవాళ్లు చెప్పిన కారణం నాకు భలే నచ్చింది. అది లేకపోతే నాలుగు ఆసులకి తిరుగుండదు, గెలుపు ఖాయమని తెలిసి పందెం కాయడం పెద్దమనిషి లక్షణం కాదు అన్నారు. తిరుగులేని చెయ్యి లేకుండా చూడటానికి ఒక కొత్త చేతిని కనిపెట్టారన్నమాట. జోకర్ కూడా అప్పటి అమెరికా సరుకే. 1860ల్లో యూకర్ అనే వేరే ఆట కోసం పుట్టి, పోకర్‌లోకి దూరి, చివరికి మీ తాతయ్య రమ్మీలోకొచ్చి కూర్చుంది.

ఇంగ్లండుకి ఇది చేరిన తీరు ఇంకో వినోదం. లండన్‌లో అమెరికా రాయబారిగా 1871లో వచ్చిన రాబర్ట్ షెంక్ అనే జనరల్ పోకర్‌లో గట్టివాడు. సోమర్సెట్‌లో ఒక జమీందారీ ఇంటికి విందుకి వెళ్తే, ఆ ఇంటావిడ ఆట నేర్పమని అడిగి, నియమాలు రాయించుకుంది. రాయించుకుని ఊరుకోకుండా 1872లో చిన్న పుస్తకంగా అచ్చు వేయించి స్నేహితులకి పంచింది. అమెరికా పత్రికలకి ఇంకేం కావాలి, మన రాయబారి దొరసానులకి జూదం నేర్పుతున్నాడని ఒకటే గోల. అదైనా ఆయన తట్టుకున్నాడు. యూటాలోని ఒక వెండి గని కంపెనీకి తన పేరు వాడుకోనిచ్చి, ఆ షేర్లు కొన్న ఇంగ్లీషువాళ్లు మునిగిపోయాక 1876లో పదవి వదిలి వెళ్లాల్సి వచ్చింది. పోకర్ బల్ల దగ్గర అంత జాగ్రత్తపరుడు గని దగ్గర ఎలా పడ్డాడో!

అదే 1876 ఆగస్టు 2న అమెరికా పడమటి వైపు డెడ్‌వుడ్ ఊళ్లో, తుపాకీ గురిలో పేరుమోసిన వైల్డ్ బిల్ హికాక్‌ని పోకర్ ఆడుతుండగా వెనకనుంచి కాల్చి చంపారు. ఆసులు, ఎనిమిదులు ఉన్న చేతిని చచ్చినవాడి చెయ్యి అంటారని మీ స్నేహితులు చెప్పే ఉంటారు. ఆ ముక్కల కథ అచ్చులో ప్రచారమైంది యాభై ఏళ్ల తర్వాత. గోడకి వీపు ఆనించి కూర్చోవడం ఆయన అలవాటు, ఆ రోజు ఆ కుర్చీ దొరకలేదు. నాకైతే ముక్కల కంటే అదే గుర్తుండిపోయింది.

ఇక మీరు ఆడే పోకర్ రకం, హోల్డెమ్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో టెక్సస్‌లోని రాబ్స్‌టౌన్‌లో పుట్టిందని ఆ రాష్ట్ర శాసనసభ 2007లో తీర్మానమే చేసింది. శాసనసభ తీర్మానిస్తే చరిత్ర అవుతుందా అంటే నేనేం చెప్పను. 1960ల్లో టెక్సస్ జూదగాళ్లు దాన్ని లాస్ వేగస్ తీసుకెళ్లారు. నెవాడాలో జూదం 1931 నుంచీ చట్టబద్ధం. వాళ్లు అంతకు ముందు ఊరూరా తిరుగుతూ చీకటి గదుల్లో ఆడి, పోలీసులకీ దోపిడీ దొంగలకీ సమానంగా భయపడినవాళ్లు. ఈ ఆటలో అందం నీకు తెలిసే ఉంటుంది. చేతిలో రెండే ముక్కలు, బల్ల మీది ఐదూ అందరివీ. నాకు కనబడేవాటిలో ఎక్కువ భాగం నీకూ కనబడతాయి, తేడా అంతా ఆ రెండింటిలో. చేతికి రెండు ఆసులు రావడం 221 సార్లలో ఒక్కసారి. వాటికోసం కూర్చుంటే తెల్లారిపోతుంది. కాబట్టి ఉన్నవాటితో, లేనివాటితో, పందెంతో కథ చెప్పాలి.

1970లో బెనీ బినియన్ అనే కేసినో యజమాని తన హార్స్‌షూలో మొదటి పోకర్ వరల్డ్ సిరీస్ పోటీ పెట్టాడు. ఆడటమంతా అయ్యాక విజేతని ఎంచింది ముక్కలు కాదు, ఓట్లు! ఎవరికి వాళ్లు తమకే వేసుకున్నారనీ, అందుకని నీ తర్వాత గొప్పవాడెవరని మళ్లీ అడిగారనీ ఒక కథ. ఏదైతేనేం, కప్పు జానీ మాస్‌కి దక్కింది. మరుసటేడు నుంచి ఒక్కడు మిగిలేదాకా ఆడించారు. 1976లో, మళ్లీ 1977లో డాయల్ బ్రన్సన్ గెలిచాడు. రెండుసార్లూ చివరి ఆటలో ఆయన చేతిలో ఉన్నవి పది, రెండు. ఎవరైనా చూడగానే పారేసే ముక్కలు. రెండుసార్లూ బల్ల మీద ముక్కలు కలిసొచ్చి ఫుల్ హౌస్ (ఒక రకం మూడు, ఇంకో రకం రెండు) అయింది. ఇందులో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అని నన్నడిగితే ఆ రెండు ఆటలు తలుచుకుని మాట మారుస్తాను.

తర్వాతి కథ మీ తరానిదే. నాజీ శిబిరాల్లోంచి బతికి బయటపడి బొమ్మల వ్యాపారంలో పైకొచ్చిన హెన్రీ ఓరెన్‌స్టీన్, ఆటగాడి చేతి ముక్కలు టీవీలో కనబడేలా బల్లలో కెమెరా అమర్చే పద్ధతికి 1995లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా టీవీలో పోకర్ చూడటమంటే మొహాలు చూడటమే. 2003లో టెనెసీ అకౌంటెంటు క్రిస్ మనీమేకర్, నిజంగా అదే ఇంటిపేరు, ఆన్‌లైన్‌లో 86 డాలర్ల పోటీ గెలిచి వేగస్‌లో ఆ వరల్డ్ సిరీస్‌కి వెళ్లి 25 లక్షల డాలర్లు కొట్టాడు. ఆ ఏడు ఆడినవాళ్లు 839 మంది. 2006లో 8,773.

లెక్కలవాళ్లు మాత్రం అంతకు చాలా ముందే దీని మీద కన్నేశారు. జాన్ వాన్ నాయ్‌మన్ 1928లో ఆటల సిద్ధాంతం రాసి, 1944లో ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి వేసిన పుస్తకంలో పోకర్‌కి ఒక అధ్యాయమే ఇచ్చాడు. ఆయన తేల్చినది మీ శనివారం ఆటకి పనికొస్తుంది. పందెం పెంచాల్సింది మంచి చేతులతో, పూర్తిగా చెత్త చేతులతో. మధ్యరకం చేతులతో ఊరుకోవాలి. ఎందుకంటే మధ్యరకానికి విప్పి చూపిస్తే గెలిచే అవకాశం కాస్తో కూస్తో ఉంది, చెత్తకి బుకాయింపు తప్ప దారి లేదు. పైగా అప్పుడప్పుడు బుకాయించకపోతే నీ మంచి చేతికి కూడా ఎవరూ డబ్బు పెట్టరు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్ల లిబ్రేటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ నలుగురు ఆరితేరిన ఆటగాళ్ల మీద, ఇద్దరిద్దరి హోల్డెమ్‌లో, 1,20,000 చేతులు ఆడి చిత్తుగా గెలిచింది. దానికి టెన్షన్ లేదు, మొహం లేదు. బుకాయించడం మాత్రం బాగా వచ్చు.

మీ నాన్న ఇందాకటినుంచీ చట్టం సంగతి రాయమంటున్నారు. నైపుణ్యమా, అదృష్టమా అన్న తగువు మన దగ్గర సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసుతో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అందరూ 1968 తీర్పు అని చెప్పుకునేది అదే. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యమని కోర్టు చెప్పి, అదే నోటితో మూడు ముక్కలాట అదృష్టమే అంది. తాతయ్య చాప మీది తీర్పే! అమెరికాలోనూ ఇలాంటిది జరిగింది. కాలిఫోర్నియా చట్టం స్టడ్-హార్స్ పోకర్‌ని పేరుపెట్టి నిషేధించింది, డ్రా పోకర్‌కి అడ్డురాలేదు. దాంతో దశాబ్దాల తరబడి అక్కడి పేకాట గదుల్లో డ్రా ఒక్కటే ఆడారు. ఇక్కడ ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడేవాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆపేశాయి. 2025లో కేంద్రం చట్టం చేసి, నైపుణ్యమైనా అదృష్టమైనా ఆన్‌లైన్‌లో డబ్బాటలన్నీ దేశమంతా నిషేధించింది. నీ ఫోన్‌లో అలాంటి యాప్ ఏదైనా ఉంటే డిసెంబర్‌లో వచ్చే ముందే తీసెయ్.

వచ్చేటప్పుడు నాన్నకి ప్లాస్టిక్ పేక రెండు కట్టలు కావాలట. మీరు ఆడే పోకర్ సైజు తేకు, వెడల్పు రెండున్నర అంగుళాలు ఉంటుంది. ఐదు ముక్కలకి బాగానే ఉంటుంది గానీ రమ్మీలో పదమూడు పట్టుకోవడానికి ఆయన చెయ్యి చాలదు. బ్రిడ్జి సైజు అని అడుగు, రెండుంపావు అంగుళాలది. జోకర్లు ఉన్నాయో లేదో చూసి కొను.

మీ అమ్మ